పనిముట్ల చిన్న భాగాలకు ఇంట్లోనే పౌడర్ కోటింగ్: మొదలుపెట్టే ముందు తెలుసుకోవాల్సినవి



జీవామృతం గురించి, కషాయాల గురించి, నాటు విత్తనాల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. కానీ ఆ జీవామృతం డ్రమ్మును మోసే స్టాండు, వడపోత జాలీకి వేసిన ఇనుప క్లాంపు, కలుపు తీసే వీడర్ పట్టీలు ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టి ఊడిపోతుంటే మాత్రం పెద్దగా పట్టించుకోం. ఈసారి వాటి గురించే చెప్తాను.

నేను ఉండేది సికింద్రాబాద్ మెట్టుగూడలో. ముప్పై ఏళ్లు ఫిట్టర్ పని చేసి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. మా ఇంటామె తమ్ముడు ఆలేరు దగ్గర రెండెకరాల్లో ప్రకృతి సేద్యం చేస్తాడు. పనిముట్లకు రిపేరు వస్తే, భాగాలు విప్పి సంచిలో వేసుకుని కాజీపేట వైపు నుంచి వచ్చే రైలెక్కి మా ఇంటికి తెస్తాడు. నేను బాగు చేసి పంపిస్తాను. పౌడర్ కోటింగ్ నేర్చుకున్నది అతని కోసమే. మొదటి దెబ్బ తిన్నదీ అతనే.

పని మొత్తం వీడియోలో చూపించాను. వీడియోలో చెప్పడానికి వీలుపడని లెక్కలు, జాగ్రత్తలు ఇక్కడ రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

మొదటిసారి ఏం జరిగిందంటే

మా బామ్మర్ది శ్రీ పద్ధతిలో వరి వేస్తాడు. 8 నుంచి 12 రోజుల నారు, 25 సెంటీమీటర్ల దూరంలో ఒక్కొక్క మొక్క. నాటిన 10, 12 రోజులకు మొదటిసారి కోనోవీడర్ తిప్పాలి. తర్వాత పదేసి రోజులకోసారి. ఈ మొదటి తిప్పుడు తప్పితే ఊద, తుంగ లేచిపోతాయి. లేచినాక వీడర్‌కు లొంగవు.

నాట్లకు ముందు అతను వీడర్ భాగాలు తెచ్చి ఇచ్చాడు. ఎనామిల్ రంగు పెచ్చులుగా లేచి, పట్టీలన్నీ ఎర్రబడి ఉన్నాయి. నేను అప్పుడే కొత్తగా గన్ కొన్నాను. ఉత్సాహంతో అన్నింటికీ కొట్టేశాను. ఆకుపచ్చ రంగు నిగనిగలాడింది. మా ఇంటామె కూడా మెచ్చుకుంది.

పదకొండో రోజు పొద్దున్నే ఫోన్. "బావా, రోటర్ ఎక్కుతలేదు."

నేను చేసిన తప్పు ఏమిటో ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. రోటర్ బుష్ లోపల కూడా కోటింగ్ వేశాను. ఆక్సిల్ మీద కూడా వేశాను. లెక్క చూడండి. పౌడర్ కోటింగ్ మందం సుమారు 70 మైక్రాన్లు. బుష్ రంధ్రంలో రెండు వైపులా కలిపి 140 మైక్రాన్లు తగ్గింది. ఆక్సిల్ రెండు వైపులా కలిపి 140 పెరిగింది. మొత్తం 280 మైక్రాన్లు, అంటే పావు మిల్లీమీటరు కంటే ఎక్కువ. ఆ రెండింటి మధ్య అంత వదులు ఎక్కడుంటుంది?

అతను పుల్లకు ఎమ్రీ పేపర్ చుట్టి మధ్యాహ్నం దాకా రుద్దాడు. రమ్మని చెప్పిన నలుగురు ఆడకూలీలు కాసేపు చూసి వేరే చేనుకు వెళ్లిపోయారు. మళ్ళీ వాళ్లు దొరికేసరికి నాలుగు రోజులు. మధ్యలో వాన. చివరికి సగం మడి చేత్తో పీకించాల్సి వచ్చింది. రెండు రోజుల కూలి అదనం.

సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు. "బావా, రంగు బాగనే ఉన్నది. బండే నడుస్తలేదు."

అతను కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది. నేను రంగు గురించి ఆలోచించాను గానీ పనిముట్టు గురించి ఆలోచించలేదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కడ కోటింగ్ వేయాలో ఎంత చెప్తానో, ఎక్కడ వేయకూడదో కూడా అంతే చెప్తాను.

అసలు పౌడర్ కోటింగ్ అంటే ఏమిటి?

మామూలు రంగులో థిన్నర్ ఉంటుంది. అది గాలిలోకి ఆరిపోతే రంగు మిగులుతుంది. పౌడర్ కోటింగ్‌లో థిన్నర్ ఉండదు. ప్లాస్టిక్ లాంటి రెసిన్, రంగు కలిపి మెత్తటి పొడి చేస్తారు. చూడటానికి ముగ్గుపిండి కంటే మెత్తగా ఉంటుంది. గన్ నుంచి వచ్చేటప్పుడు ఆ పొడికి స్థిర విద్యుత్ ఎక్కుతుంది. ఇనుప భాగానికి ఎర్తింగ్ ఇస్తాం కాబట్టి పొడి వెళ్లి దానికి అతుక్కుంటుంది. దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అతుక్కుంటాయి కదా, అదే సూత్రం. తర్వాత ఓవెన్‌లో పెడితే పొడి కరిగి, పొరగా పరుచుకుని, లోపల రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ వేడి చేసినా కరగదు.

ఈ పద్ధతి మొదట ఇలా ఉండేది కాదు. 1950ల మొదట్లో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన పొడి ఉన్న తొట్టి అడుగు నుంచి గాలి వదిలి, పొడి నీళ్లలా కదిలేటట్టు చేసి, అందులో వేడి చేసిన ఇనుప భాగాన్ని ముంచే పద్ధతి తయారుచేశాడు. వేడికి పొడి కరిగి అతుక్కునేది. గన్‌తో కొట్టే పద్ధతి 1960లలో వచ్చింది. ముంచే పద్ధతిలో పొర మందంగా వస్తుంది. కొక్కేలు, చిన్న హ్యాండిళ్ల లాంటి వాటికి ఇప్పటికీ పనికొస్తుంది. కొలత ముఖ్యమైన భాగాలకు మాత్రం గన్ పద్ధతే మేలు.

మన పనిముట్లకు ఇది ఎందుకు?

గోమూత్రం, పేడ నీళ్లు ఇనుముకు శత్రువులు. వాటిలో లవణాలు ఉంటాయి, అమ్మోనియా ఉంటుంది, పైగా తడి ఎప్పుడూ ఆరదు. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ములో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం వేస్తాం. దాని చుట్టూ ఉన్న ఇనుమంతా రోజూ ఆ చుక్కల్లో తడుస్తూనే ఉంటుంది. ఎనామిల్ రంగులో ఒక చిన్న గీత పడితే చాలు, తడి లోపలికి దూరి పొర కింద తుప్పు పాకుతుంది. బాగా వేసిన పౌడర్ కోటింగ్ గట్టిగా పట్టుకుని ఉంటుంది, త్వరగా పెచ్చు లేవదు.

అయితే సొంతంగా పనిముట్లు చేసుకునేవాళ్లకు ఇది మరీ అవసరం. మా బామ్మర్ది ఊరి పక్కనే ఉన్న ఉదాహరణ చెప్తాను. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి చేతులు నొప్పి పుట్టడం చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రంలో చివరగా కావాల్సిన ఒక కదలిక ఆయనకు 1999లో బాలానగర్‌లో పని చేస్తుండగా ఒక మిషన్‌లో కనిపించింది. అంటే మన ఊళ్లలో పుట్టే యంత్రాలకూ ఈ జంటనగరాల చిన్న వర్క్‌షాపులకూ సంబంధం పాతదే. ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించుకున్న వీడర్ గానీ, డ్రమ్ సీడర్ గానీ కంపెనీ వస్తువులా పదేళ్లు ఉండాలంటే, దాని ఒంటిని కాపాడే పని కూడా మనమే నేర్చుకోవాలి.

ఏ భాగాలకు వేయాలి, వేటికి వేయకూడదు

వేసుకోదగినవి: హ్యాండిల్ బ్రాకెట్లు, క్లాంపులు, ఎత్తు మార్చే పట్టీలు, స్ప్రేయర్ లివర్, డ్రమ్ సీడర్ చక్రం పట్టీలు, జాలీ ఫ్రేము, గేటు గొళ్లెం, కొక్కేలు.

వేయకూడనివి కూడా గుర్తుపెట్టుకోండి.

మట్టిలో తిరిగే బ్లేడ్లు, రోటర్ పళ్లు, పార అంచు, కొడవలి అంచు. అక్కడ ఏ పూతా నిలవదు. రాపిడికి అరిగి పొడి పొడిగా మన మట్టిలోనే కలుస్తుంది. అది ప్లాస్టిక్. వానపాముల కోసం ఇంత కష్టపడుతూ మన చేత్తో మనమే ప్లాస్టిక్ కలపడం ఎందుకు? వాటికి పని అయ్యాక కడిగి, ఆరబెట్టి, ఆముదమో వేపనూనో రాసి పెడితే చాలు.

బుష్‌లు, బేరింగ్ కూర్చునే చోట్లు, ఆక్సిల్, మరలు. ఇవి టేపుతో మూసేయాలి.

రబ్బరు, ప్లాస్టిక్, గ్రీజు ఉన్న బేరింగులు ఓవెన్‌లోకి పోకూడదు. అన్నీ విప్పేయాలి. స్ప్రేయర్ భాగాల్లో టంకం వేసిన అతుకులు ఉంటే జాగ్రత్త. మామూలు సీసం, తగరం టంకం 183 డిగ్రీలకే కరిగిపోతుంది. మన ఓవెన్ వేడి అంతకంటే ఎక్కువ.

రెండు చివర్లూ మూసి వెల్డింగ్ చేసిన గొట్టాలు. లోపల నీళ్లుంటే ఆవిరై ఒత్తిడి పెరుగుతుంది. అడుగున చిన్న రంధ్రం వేసి, నీళ్లు పోయేలా చేశాకే పెట్టాలి. గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్ లాంటివి ఎప్పటికీ పెట్టకూడదు.

ఏ పౌడర్ కొనాలి?

షాపులో ఎపాక్సీ, పాలిస్టర్, రెండూ కలిసిన హైబ్రిడ్ అని మూడు రకాలు చూపిస్తారు. ఎపాక్సీ రసాయనాలను బాగా తట్టుకుంటుంది గానీ ఎండకు తట్టుకోదు. కొన్నాళ్లకు పైన సున్నం రాలినట్టు తెల్లటి పొడి లేస్తుంది. మన పనిముట్లు ఎండలో ఉంటాయి కాబట్టి బయటి వాడకానికి చేసిన పాలిస్టర్ అడగండి.

పాలిస్టర్‌లో కూడా టీజీఐసీ అనే గట్టిపరిచే రసాయనం ఉన్నవి, లేనివి ఉంటాయి. అది ఆరోగ్యానికి మంచిది కాదు. లేని రకమే అడిగి తీసుకోండి. పసుపు, నారింజ రంగులు కొనేటప్పుడు సీసం లేనిదా అని కూడా అడగండి.

ఎంత కావాలి? 70 మైక్రాన్ల పొరకు చదరపు మీటరుకు సుమారు 105 గ్రాములు పడుతుంది. అరచేయంత పట్టీ, 10 సెంటీమీటర్లు పొడవు, 10 వెడల్పు అనుకుందాం. రెండు వైపులా కలిపి 2 గ్రాముల చిల్లర. ఇంట్లో కొట్టేటప్పుడు సగం నేలపాలవుతుంది కాబట్టి 4, 5 గ్రాములు అనుకోండి. అంటే కిలో పౌడర్‌తో అలాంటి పట్టీలు 200 దాకా చేయొచ్చు. కాబట్టి మొదట కిలో కంటే ఎక్కువ కొనకండి. ఒకే రంగు కొనండి. మా ఎండాకాలం ఎండకు పౌడర్ గడ్డ కడుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, ఇంట్లో చల్లటి మూల పెట్టుకోవాలి. తడి తగలకూడదు.

ఏమేం సామాన్లు కావాలి?

సికింద్రాబాద్‌లో రాణీగంజ్ మనవాళ్లకు తెలిసిందే. మోటార్లు, పైపులు, బేరింగులు, బోల్టుల కోసం జిల్లాల నుంచి అక్కడికే వస్తారు. నేను కూడా కంప్రెసర్, గాలిలో నీళ్లు పట్టే ఫిల్టర్, వైర్ బ్రష్షులు అక్కడే తీసుకున్నాను.

ముఖ్యమైనవి ఇవి: ఇంటి వాడకానికి దొరికే చిన్న పౌడర్ గన్, చిన్న కంప్రెసర్, గాలి ఫిల్టర్, కరెంటు ఓవెన్, వేడి తట్టుకునే టేపు, సిలికాన్ బిరడాలు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, మంచి మాస్కు, కళ్లద్దాలు.

ఓవెన్ గురించి ఒక మాట. వంటింటి ఓటీజీలో మొదటిసారి పెడదామని నేను చేయి వేశాను. మా ఇంటామె అడ్డుపడింది. "అండ్ల ఒక్కసారి పెట్టినవంటే మల్ల నేను తిండి వండ." ఆమె మాటే కరెక్టు. పౌడర్ పెట్టిన ఓవెన్‌లో మళ్ళీ ఎప్పుడూ ఆహారం పెట్టకూడదు. పాత ఓటీజీ ఒకటి కొని, మీద పెయింటుతో "వంటకు కాదు" అని రాసి బయట వరండాలో పెట్టాను. 1500 వాట్ల ఓవెన్ గంట నడిస్తే ఎక్కువలో ఎక్కువ ఒకటిన్నర యూనిట్. కరెంటు ఖర్చు పెద్దది కాదు. కానీ ఇంత లోడు లాగే ఓవెన్‌ను మామూలు లైటు ప్లగ్గుకు పెట్టకండి, 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి.

కొంతమంది అడిగారు, కట్టెల పొయ్యి మీద గానీ గ్యాస్ ఓవెన్‌లో గానీ పెట్టొచ్చా అని. వద్దు. కట్టెల వేడి ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ. పైగా గాలిలో తేలే పౌడర్ మంటకు అంటుకుంటుంది. పిండి మిల్లులో పిండి దుమ్ము భగ్గుమంటుందని వింటుంటాం కదా, ఇదీ అంతే.

పని ఎలా చేయాలి?

మొదటి మెట్టు, శుభ్రం. నా అనుభవంలో పనిలో ముప్పావు వంతు ఇదే. భాగాలు విప్పి సబ్బు నీళ్లతో కడగాలి. పేడ, మూత్రం లవణాలు పోవాలి. తర్వాత తుప్పు తీయాలి. శాండ్ బ్లాస్టింగ్ అన్నింటికంటే మంచిది. అది లేకపోతే మన దగ్గరున్న ఉపాయం నిమ్మ ఉప్పు. లీటరు నీటికి 50 గ్రాములు కలిపి, ప్లాస్టిక్ బకెట్‌లో రాత్రంతా నానబెట్టండి. పొద్దున వైర్ బ్రష్‌తో రుద్దితే తుప్పు వదులుతుంది. తర్వాత వంట సోడా కలిపిన నీళ్లలో ముంచి, మంచి నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఆలస్యం చేస్తే గంటలోనే మళ్ళీ పచ్చటి తుప్పు వస్తుంది. ఆరినాక 80 నంబరు ఎమ్రీ పేపర్‌తో రుద్ది గరుకు చేయాలి. నున్నటి ఇనుము మీద పౌడర్ పట్టు తక్కువ.

నూనె పోయిందో లేదో తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఉంది. భాగం మీద నీళ్లు పోయండి. నీళ్లు ఒకే పొరగా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. చేమాకు మీద నీళ్లలా బొట్లు బొట్లుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టు. మళ్ళీ థిన్నర్ గుడ్డతో తుడవాలి. థిన్నర్ పూర్తిగా ఆవిరైపోయాకే ఓవెన్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇక అక్కడి నుంచి వట్టి చేత్తో ముట్టకండి.

పోత ఇనుము, జీఐ భాగాలైతే ముందు ఒకసారి ఉత్తగా ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర అరగంట పెట్టండి. లోపల దాగిన నూనె, గాలి బయటికి వచ్చేస్తాయి. ఈ పని చేయకపోతే కోటింగ్ మీద సూది గుచ్చినట్టు రంధ్రాలు, బుడగలు వస్తాయి. చల్లారాక కోటింగ్ వేయాలి.

రెండో మెట్టు, మూయడం. మరలకు, బుష్‌లకు, ఆక్సిల్ కూర్చునే చోట్లకు వేడి తట్టుకునే పాలిస్టర్ టేపు గానీ సిలికాన్ బిరడా గానీ పెట్టాలి. మామూలు సెల్లో టేపు కాలిపోతుంది. నేను ఇప్పుడు ఒక కాగితం మీద ప్రతి భాగం బొమ్మ గీసి, తిరిగే చోట ఎర్ర చుక్క పెడతాను. ఎర్ర చుక్కలన్నీ మూశాకే గన్ చేత్తో పడతాను.

మూడో మెట్టు, ఎర్తింగ్. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గన్‌తో వచ్చిన ఎర్త్ క్లిప్పు భాగానికి గానీ, దాన్ని వేలాడదీసిన తీగకు గానీ పెట్టాలి. వేలాడదీసే కొక్కేనికి కూడా ప్రతిసారీ కోటింగ్ పడుతుంది. రెండో, మూడోసారికి అది తీగను మూసేసి ఎర్తింగ్ తెగిపోతుంది. అందుకే కొక్కెం మొన గీకి ఇనుము కనిపించేలా చేయండి. మల్టీమీటర్‌తో చూసుకుంటే ఇంకా మంచిది. పాత ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది గానీ మూడో రంధ్రానికి వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి. ఇది కోటింగ్ కోసమే కాదు, మన ప్రాణం కోసం.

నాలుగో మెట్టు, కొట్టడం. గాలి ఒత్తిడి తక్కువ పెట్టండి. ఇంటి గన్‌లకు 5 నుంచి 10 పీఎస్‌ఐ చాలు. ఎక్కువ పెడితే అతుక్కున్న పొడి కూడా ఎగిరిపోతుంది. గాలిలో తేమ ఉంటే పొడి ముద్దలు కడుతుంది, అందుకే ఫిల్టర్. వానాకాలం ముసురులో అయితే ఈ పని మానుకోవడమే మంచిది. లోపలి మూలల్లోకి పౌడర్ వెళ్లడానికి మొరాయిస్తుంది, ఎందుకంటే విద్యుత్ ఎప్పుడూ బయటి అంచులనే పట్టుకుంటుంది. కాబట్టి ముందు మూలలకు కొట్టి, తర్వాత బయటి వైపుకు రండి.

ఐదో మెట్టు, కాల్చడం. డబ్బా మీద ఏం రాసి ఉంటే అదే పాటించండి. ఎక్కువ పౌడర్లకు 200 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, లేదా 180 దగ్గర ఇంకొంచెం ఎక్కువ సేపు. ఇక్కడ అసలు విషయం ఏమిటంటే, ఆ పది నిమిషాలు లెక్కపెట్టాల్సింది ఇనుము ఆ వేడికి వచ్చినప్పటి నుంచి. ఓవెన్ ముల్లు 200 చూపించినప్పటి నుంచి కాదు. పల్చటి పట్టీ త్వరగా వేడెక్కుతుంది. మందమైన పోత భాగానికి అరగంట పట్టొచ్చు. థర్మామీటర్‌తో భాగాన్నే చూడండి. మెరిసే వట్టి ఇనుము మీద ఇన్‌ఫ్రారెడ్ తప్పు చూపిస్తుంది కాబట్టి కోటింగ్ పడిన చోటే గురిపెట్టండి.

వేడి భాగం, చల్లటి భాగం చూడటానికి ఒకేలా ఉంటాయి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. చల్లారే దాకా ముట్టకండి.

సరిగ్గా అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

సరిగ్గా కాలని కోటింగ్ కూడా నిగనిగలాడుతుంది. చూపుతో మోసపోవద్దు. ప్రతిసారీ అదే మందం ఉన్న ఒక తుక్కు ముక్కకు కూడా కోటింగ్ వేసి దాని మీద పరీక్ష చేయండి. చల్లారాక బ్లేడుతో అడ్డం నిలువు గీతలు గీసి, గట్టి టేపు అతికించి లాగండి. గళ్లు ఊడి రాకపోతే పట్టు బాగున్నట్టు. థిన్నర్ ముంచిన గుడ్డతో ఇరవై సార్లు రుద్దండి. గుడ్డకు రంగు బాగా అంటితే సరిగ్గా కాలలేదు. సుత్తితో కొట్టినప్పుడు పెంకులా రాలినా కారణం ఎక్కువగా అదే.

మన జాగ్రత్త మనదే

పౌడర్ కొట్టే చోట అగ్గిపుల్ల, బీడీ, అగరబత్తి, నిప్పురవ్వ వచ్చే మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండకూడదు. ఓవెన్‌ను కొట్టే చోటికి దూరంగా పెట్టుకోండి. దుమ్మును ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో లాగకండి, తడి గుడ్డతో తుడవండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు గన్ దగ్గరికి రాకూడదు. మాస్కు లేకుండా ఒక్క నిమిషం కూడా కొట్టకండి. కంప్రెసర్ గాలితో ఒంటి మీద దుమ్ము దులుపుకోకండి.

కింద పడిన పౌడర్‌ను పెంటకుప్పలో వేయకండి, మోరీలో పోయకండి. పాత రేకు మూతలో పల్చగా పరిచి, తర్వాతి విడతతో పాటు ఓవెన్‌లో పెడితే గట్టి బిళ్ల అవుతుంది. దాన్ని పొడి చెత్తలో వేయండి.

ఇంట్లో చేసుకోవాలా, బయట ఇవ్వాలా?

నిజం చెప్పాలంటే, గన్, కంప్రెసర్, ఓవెన్ మూడూ కలిపితే ఒక బ్యాటరీ స్ప్రేయర్ ఖరీదు కంటే చాలా ఎక్కువే అవుతుంది. ఒక్క వీడర్ కోసం కొనడం దండగ. మీ భాగం ఓవెన్‌లో పట్టకపోయినా కుదరదు. బాలానగర్, చర్లపల్లి లాంటి చోట్ల జాబ్ వర్క్ చేసే యూనిట్లు ఉంటాయి. పది మంది రైతులు భాగాలన్నీ విప్పి, పేర్లు కట్టి, ఒకేసారి ఇస్తే రేటు కలిసొస్తుంది. అలా ఇచ్చినా బుష్‌లకు, మరలకు టేపు మీరే వేసి ఇవ్వండి. మన వీడర్‌లో ఏది తిరుగుతుందో అక్కడివాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఊళ్లో రైతు సంఘమో, పనిముట్లు కిరాయికి ఇచ్చే కేంద్రమో ఉండి, వెల్డింగ్ తెలిసిన ఒక కుర్రాడు ఉంటే మాత్రం ఈ సామాన్లు అక్కడ పెట్టుకోవడం మంచి ఆలోచన. పంట లేని రోజుల్లో ఊరి పనిముట్లన్నీ వరసగా చేసుకోవచ్చు. పని ఎప్పుడూ సీజనుకు నెల ముందే అయిపోవాలి. బిగించి, ఒకసారి తిప్పి చూసి, అప్పుడే పక్కన పెట్టాలి. నేను ఆ రోజు చేయనిది అదే.

ఆ తర్వాత ఆ వీడర్‌ను మళ్ళీ తెప్పించి, తిరిగే చోట్లన్నీ గీకి, పట్టీలకు మాత్రమే కొత్తగా వేశాను. ఒక పంట కాలం నడిచింది. పట్టీలు బాగున్నాయి. బోల్టు తల కింద నలిగిన చోట ఒకట్రెండు గీతలు పడి తుప్పు మొదలైంది. అక్కడ వాషర్ వేసి ఎనామిల్ రంగు చుక్క పెట్టాం. అంటే ఇది కూడా శాశ్వతం కాదు, ఏడాదికోసారి చూసుకోవాల్సిందే.

మా బామ్మర్ది ఇప్పుడు కూడా సంచితో వస్తాడు. భాగాలు గుమ్మం ముందు దించి, మంచినీళ్లు తాగకముందే అడుగుతాడు. "బావా, ఈసారి బుష్షులకు టేపు ఏస్తవా, నేను ఏసి తేవాల్నా?"

ఎర్ర చుక్కలు పెట్టిన కాగితం చూపిస్తే గానీ కూర్చోడు.

వీడియోలో శుభ్రం చేయడం, టేపు వేయడం నెమ్మదిగా చూపించాను, అవి రెండుసార్లు చూడండి. మీ ఊళ్లో ఎవరైనా ఇంతకుముందే ఈ పని చేసి ఉంటే, మీకు ఎక్కడ దెబ్బ తగిలిందో కూడా రాయండి. తోటి రైతుకు ఎక్కువ పనికొచ్చేది అదే.